మాటలు దాచాం, బాణీ వదిలేశాం

మన క్లబ్బు సంక్రాంతి సంచికలో గోదావరి జిల్లాల పల్లె పాటలు వేస్తోంది. మంచి ఆలోచన. అందుకోసం పెట్టిన గూగుల్ ఫారమ్ మీరూ చూసే ఉంటారు. పేరు, బ్రాంచి, ఊరు, ఆ కింద ఒక పెద్ద బాక్సు: "పాట సాహిత్యం". దాని కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక: "ఆడియో పంపవద్దు, టైప్ చేసి మాత్రమే పంపగలరు." నా గొడవంతా ఆ గమనికతోనే.

రాసినవాళ్ల మీద కోపం ఏమీ లేదు. పీడీఎఫ్‌లో ఆడియో పెట్టలేం, డ్రైవ్ నిండిపోతుంది, వినడానికి మనుషులు లేరు. అన్నీ నిజాలే. కానీ "పాటలు సేకరిస్తున్నాం రండి" అని పోస్టర్ వేసి, తీరా పాట వచ్చాక మాటల్ని లోపలికి రానిచ్చి బాణీని గుమ్మం బయటే నిలబెడుతున్నాం. ఈ అలవాటు మనతో మొదలైంది కాదు, తెలుగులో చాలా కాలంగా ఉన్నదే. అది ఎంత నష్టమో చెప్పాలంటే ముందు మీకు ఒక ఐర్లండు డాన్సు ట్యూన్ సంగతి చెప్పాలి. గోదావరి పాటలకీ ఐర్లండుకీ ఏంటండీ సంబంధం అంటారా? కాస్త ఓపిక పట్టండి. మధ్యలో మన బ్రౌను దొర కూడా వస్తాడు.

ఐర్లండు దక్షిణాన కార్క్ కౌంటీలో, బ్లాక్‌వాటర్ నది ఒడ్డున మాలో అని ఒక ఊరుంది. 18వ శతాబ్దంలో అక్కడి బుగ్గనీళ్లు ఆరోగ్యానికి మంచివని డబ్బున్న కుటుంబాలు సీజను సీజనుకీ వచ్చి మకాం పెట్టేవి. వాళ్లతోపాటు పనీపాటా లేని కుర్రకారు. తాగుడు, జూదం, అల్లరి. వాళ్ల పేరు మీద ఒక ట్యూన్ పుట్టింది: "ద రేక్స్ ఆఫ్ మాలో". రేక్ అంటే మన భాషలో జులాయి. కాబట్టి "మాలో ఊరి జులాయిలు" అనుకోండి. 1740ల్లో లండన్‌లో అచ్చయిన డాన్సు పుస్తకాల్లో ఈ ట్యూన్ కనిపిస్తుంది. బర్క్ థుమాత్ అనే ఫ్లూటు విద్వాంసుడు దాదాపు అదే కాలంలో వేసిన ఐరిష్ బాణీల పుస్తకంలోనూ ఉంది. ఇప్పటి ఐరిష్ వాద్యకారులు దీన్ని పోల్కాగా, చకచకా రెండు దరువుల్లో వాయిస్తారు. అమెరికాలో లెరాయ్ ఆండర్సన్ 1940ల్లో ఆర్కెస్ట్రా కోసం రాసిన "ఐరిష్ సూట్"లో ఇది ఒక భాగం. 1952లో వచ్చిన "ద క్వయట్ మ్యాన్" సినిమా నేపథ్య సంగీతంలోనూ వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కసారి వినండి. మొదటి అడుగులోనే పట్టేస్తారు: స గ స గ, షడ్జానికీ గాంధారానికీ మధ్య ఉయ్యాల. ఆ తర్వాత ఒక మెట్టు కిందికి దిగి, నిషాద రిషభాల మధ్య మళ్లీ అదే ఊపు.

ఇప్పుడు ముత్తుస్వామి దీక్షితుల "వందే మీనాక్షి" వెతికి వినండి. అదే ఉయ్యాల. అదే ట్యూన్. ఐర్లండులో తాగుబోతు కుర్రాళ్ల మీద ఉన్న బాణీ, ఇక్కడికొచ్చేసరికి సంస్కృతంలో అమ్మవారి స్తుతి అయింది. మొదటిసారి రెండూ పక్కపక్కన విన్నప్పుడు నాకు నవ్వాగలేదు. తర్వాత ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ల తర్వాత, ఇంత దూరంలో, ఈ రెండూ ఒకటేనని మనం ఎలా చెప్పగలుగుతున్నాం?

దీక్షితులు త్యాగరాజుకి సమకాలికులు. వాళ్ల కుటుంబం కొంతకాలం మద్రాసు దగ్గర మణలిలో, అక్కడి ముదలియార్ల ఆశ్రయంలో ఉంది. ఆ రోజుల్లో సెయింట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాయించేది. కంపెనీ తెల్ల సిపాయిల్లో ఐర్లండు నుంచి వచ్చినవాళ్లు చాలామంది. ఆ బ్యాండు వినడానికి అన్నదమ్ములు వెళ్లేవారని చెబుతారు. తమ్ముడు బాలుస్వామి దీక్షితులు అక్కడే వయొలిన్ నేర్చుకుని దాన్ని మన కచేరీలోకి తెచ్చినవాళ్లలో మొదటివాడయ్యాడు. అన్నగారు విన్న బాణీలకి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. వాటినే నొట్టుస్వర సాహిత్యాలు అంటారు. నొట్టు అంటే మరేం కాదు, ఇంగ్లీషు "నోట్". ఇప్పుడు మొత్తం 39 అని లెక్క. "సంతతం పాహిమాం" బాణీ బ్రిటిష్ జాతీయ గీతానిది. "జగదీశ గురుగుహ" ఒక స్కాట్లండు రీల్. దాదాపు అన్నీ శంకరాభరణమే, అంటే వాళ్ల మేజర్ స్కేలు. గమకాలు ఉండవు, కాబట్టి పిల్లలకి తొలి పాఠాలుగా బాగా పనికొస్తాయి.

ఇది కేవలం నోటి మాటగా వచ్చి ఉంటే మనం నమ్మాల్సిన పనిలేదు. కాగితం మీద ఉంది కాబట్టే నమ్ముతున్నాం. ఈ నొట్టుస్వరాల్లో కొన్నిటికి దొరుకుతున్న అతి పాత ఆధారం 1833 నాటి ఒక వ్రాతప్రతి. దాన్ని రాయించింది ఎవరనుకున్నారు? చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. అవును, మన నిఘంటువు బ్రౌనే. 1820ల మధ్యలో మన రాజమండ్రిలో ఉద్యోగం చేసిన మనిషి. వేమన పద్యాలకి ఎన్ని తాటాకు ప్రతులు దొరికితే అన్నీ పోగుచేసి, పోల్చి చూసి, 1829లో అచ్చువేసిన మనిషి. దీక్షితులు కన్నుమూసింది 1835లో. అంటే కట్టినాయన బతికుండగానే రాసిన ప్రతి అన్నమాట. దాని తర్వాత 1893లో చిన్నస్వామి ముదలియార్ అనే ఆయన మద్రాసులో "ఓరియంటల్ మ్యూజిక్ ఇన్ యూరోపియన్ నొటేషన్" అనే పుస్తకం వేశారు, పాశ్చాత్య గీతల నొటేషన్‌తో. ఆ వెంటనే బాలుస్వామి దీక్షితుల మనవడూ దత్తపుత్రుడూ అయిన సుబ్బరామ దీక్షితులు రెండు గొప్ప పుస్తకాలు తెచ్చారు: 1904లో "సంగీత సంప్రదాయ ప్రదర్శిని", 1905లో "ప్రథమాభ్యాస పుస్తకము". నొట్టుస్వరాలు ఈ రెండోదాంట్లో స్వరాలతో సహా ఉన్నాయి. రెండూ తమిళనాడులోని ఎట్టయాపురంలో అచ్చయ్యాయి. రెండూ తెలుగు లిపిలోనే.

ఈ మాట దగ్గర కాసేపు ఆగండి. కార్క్ నుంచి ఎవరైనా తమ ఊరి ట్యూన్ ఎక్కడెక్కడ తిరిగిందో వెతుక్కుంటూ బయలుదేరితే, ఒక మలుపులో వాళ్లు తెలుగు అక్షరాలు నేర్చుకోవాల్సి వస్తుంది. 1800 ప్రాంతంలో మద్రాసు కోట బ్యాండు ఆ బాణీని ఎలా వాయించిందో విన్న ఒక గొప్ప విద్వాంసుడి చెవి సాక్ష్యం మన లిపిలో ఉంది. ఆ ట్యూన్ చరిత్రకి తెలుగు అచ్చుపుస్తకం ఒక ఆధారం. మనకి మాత్రం ఆ సంగతి తెలీదు. ఇంటర్‌లో ఏ పాఠంలోనూ రాలేదు.

రికార్డింగుల విషయానికొస్తే, అమెరికాలో ఉంటున్న కన్నిక్స్ కన్నికేశ్వరన్ ఈ నొట్టుస్వరాల మీద పరిశోధన చేసి, 2008 ప్రాంతంలో "విస్మయ" పేరుతో మొత్తం అన్నిటినీ రికార్డు చేయించారు. మూలంలో ఏ ట్యూన్ ఉందో గుర్తుపట్టే పనిలో ఆయన చాలా దూరం వెళ్లారు. గమనించండి, ఈ పని చెయ్యడానికి ఆయనకి రెండు వైపులా రాతలు దొరికాయి. అటు లండన్ డాన్సు పుస్తకాలు, ఇటు బ్రౌను ప్రతి, ముదలియారు పుస్తకం, సుబ్బరామ దీక్షితుల పుస్తకం. వీటిలో ఇటువైపువన్నీ సాహిత్యం మాత్రమే రాసుకున్న నోటుబుక్కులై ఉంటే? "వందే మీనాక్షి" సంస్కృతంలో ఇంకో మంచి స్తోత్రం, అంతే. మాలో ఊరి జులాయిలు అందులో ఉన్నారని ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఈ విషయం హాస్టల్లో చెబితే మా రూమ్మేట్ మొదటి మాట: "అంటే దీక్షితులు కాపీ కొట్టారా?" తమన్, అనిరుధ్‌ల మీద మీమ్స్ చూసి పెరిగిన మనకి ఒకేలాంటి రెండు ట్యూన్లు వినిపిస్తే ముందు నోట్లోంచి వచ్చేది ఆ మాటే. ఇంటిపేరే "నొట్టు" అని పెట్టిన పాటల్ని కాపీ అనడం ఏంటో నాకైతే అర్థం కాదు. ఎక్కడినుంచి వచ్చిందో పేరులోనే చెప్పేశారు కదా. పైగా ఆ "రేక్స్ ఆఫ్ మాలో"ని మొదట కట్టిందెవరో ఐర్లండులోనూ ఎవరికీ తెలీదు. లండన్ పుస్తకంలో ఒకలా, మిలిటరీ బ్యాండులో ఒకలా, పల్లెటూరి ఫిడేలు మీద ఇంకోలా ఉంటుంది. వేమన పద్యానికి పది పాఠాంతరాలుంటే పండితులు సంబరపడతారు. బాణీ విషయంలో మాత్రం రెండో పాఠం కనబడగానే దొంగ ఎవరని వెతుకుతాం.

ఐరిష్ వాళ్ల దగ్గర నాకు నచ్చింది ఇదే. పాఠాంతరాల్ని దాచుకునే పద్ధతి వాళ్లకి ఉంది. అదేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1792 జులైలో బెల్‌ఫాస్ట్‌లో హార్ప్ వాద్యకారుల్ని ఒకచోటికి పిలిచారు. కొద్దిమందే వచ్చారు. చాలామంది ముసలివాళ్లు, కొందరు గుడ్డివాళ్లు. పాత పద్ధతిలో గోళ్లతో తీగలు మీటే డెనిస్ హెంప్సన్‌కి అప్పటికే తొంభై దాటాయి. వాళ్లు వాయిస్తుంటే రాసుకోమని ఎడ్వర్డ్ బంటింగ్ అనే ఆర్గన్ వాద్యకారుణ్ని కూర్చోబెట్టారు. అతని వయసెంతో తెలుసా? 19. మన సెకండియర్ వాళ్ల వయసు. ఆ తర్వాత అతను జీవితమంతా ఆ పనిలోనే ఉండిపోయాడు. 1796, 1809, 1840లలో మూడు సంపుటాలు వేశాడు.

అయితే బంటింగ్ కూడా సగం పనే చేశాడు. సరిగ్గా మనకి తలకిందులుగా. ఐరిష్ భాషలో పాటల మాటలు సేకరించడానికి 1802లో పాట్రిక్ లించ్ అనే ఆయన్ని పల్లెలకి పంపించాడు కానీ, పుస్తకాల్లో ఆ మాటలు అలా వెయ్యలేదు. బాణీలు మాత్రం పియానోకి సరిపడేలా చక్కబెట్టి అచ్చేశాడు. ఇప్పుడు పరిశోధకులు ఆ అచ్చు పుస్తకాలకంటే బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో ఉన్న అతని చిత్తుప్రతుల్ని ఎక్కువ నమ్ముతారు. చేత్తో గబగబా రాసుకున్న ఆ గీతల్లో ముసలాయన వాయించినదానికి దగ్గరి రూపం ఉంది. వాళ్లు బాణీ దాచి మాట వదిలేశారు, మనం మాట దాచి బాణీ వదిలేశాం. ఒకరి నష్టం ఇంకొకరికి అర్థమవ్వాలి, నిజానికి.

"నాకు స్వరాలు రావు కదా, నేనేం రాస్తాను" అనేవాళ్లకి ఇంకొకాయన ఉన్నాడు. ఫ్రాన్సిస్ ఓనీల్. కార్క్ కౌంటీ నుంచే అమెరికా వెళ్లి, చికాగో పోలీసు శాఖకి అధిపతి అయ్యాడు. ఆయనకి నొటేషన్ రాయడం రాదు. చిన్నప్పుడు విన్న ట్యూన్లు బుర్రలో వందల్లో ఉన్నాయి. ఏం చేశాడు? తన శాఖలోనే ఫిడేలు వాయించే జేమ్స్ ఓనీల్ అనే ఇంకో పోలీసు ఉన్నాడు, ఇంటిపేరు ఒకటే కానీ చుట్టం కాదు. ఈయన పాడి వినిపిస్తే ఆయన రాసుకున్నాడు. ఊళ్లో ఐరిష్ వాద్యకారుడు ఎవరు దొరికినా వదల్లేదు. 1903లో వచ్చిన వాళ్ల పుస్తకంలో 1850 బాణీలున్నాయి. 1907లో డాన్సు ట్యూన్లు మాత్రమే ఏరి 1001తో ఇంకో పుస్తకం వేశారు. చాలావరకు డ్యూటీ చేసుకుంటూనే చేసిన పనండీ ఇది. మనకి ల్యాబు రికార్డులు ఉన్నాయని చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంటుంది.

ఆ తర్వాత రికార్డులొచ్చాయి. 1920ల్లో స్లైగో ప్రాంతం నుంచి న్యూయార్క్ వెళ్లిన మైకేల్ కోల్‌మన్ లాంటి ఫిడేలు వాద్యకారుల గ్రామఫోను ప్లేట్లు తిరిగి ఐర్లండుకి వచ్చి, పల్లెపల్లెలో ఉన్న సొంత శైలుల్ని కమ్మేశాయి. ప్లేటులో ఉన్నదే ఒప్పు, మా తాత వాయించేది తప్పు అనుకోవడం మొదలైంది. అంటే రికార్డింగు దాస్తుంది, చెరిపేస్తుంది కూడా. ఒక్క వెర్షనే రికార్డయితే మిగతా వెర్షన్లకి అది యముడు. మన దగ్గర ఆ యముడు సినిమా పాట. ఒక పల్లె బాణీని సినిమాలో పెట్టాక, ఆ ఊళ్లో పిల్లలు కూడా సినిమాలో ఉన్నట్టే పాడతారు. సినిమావాళ్ల తప్పేం కాదు. పక్కన పెట్టి పోల్చుకోవడానికి ముందటి వెర్షన్ మన దగ్గర లేకపోవడమే ఇబ్బంది.

తెలుగులో జానపద గేయాలు పోగుచేసినవాళ్లు తక్కువవాళ్లేం కాదు. మన రాజమండ్రి ప్రాంతపు నేదునూరి గంగాధరం గారు ఊరూరా తిరిగి పాటలూ పదాలూ సామెతలూ సేకరించి "మిన్నేరు", "సెలయేరు" లాంటి సంకలనాలు తెచ్చారు. బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన తర్వాతివాళ్లందరికీ దారి వేసింది. వాళ్లే లేకపోతే మాటలు కూడా మిగిలేవి కావు. టేపు రికార్డరు మోసుకెళ్లడం మామూలు మనిషికి కుదరని రోజులవి, స్వరం అచ్చువెయ్యడం ఇంకా ఖర్చు. కాబట్టి వాళ్లని తప్పుపట్టే అర్హత నాకు లేదు. కాకినాడలో పెరిగిన వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్లు ఇంకో వైపు నుంచి వచ్చారు. పల్లె పాటల్ని గొంతులోకి తీసుకుని గ్రామఫోను రికార్డుల్లోకీ రేడియోలోకీ తెచ్చారు. చదువుకున్నవాళ్లు కచేరీలో జానపదం పాడటం చిన్నతనం అనుకునే కాలంలో చేసిన పని అది. అయినా వాళ్లు పాడింది వాళ్ల గొంతులో, హార్మోనియం పక్కన పెట్టుకుని. పొలంలో పాడిన మనిషి గొంతు వేరు.

ఇప్పుడు నా దగ్గరున్న ఒక చిన్న ఉదాహరణ. మా మామ్మ చిన్నప్పుడు అమలాపురం అవతల ఊడ్పులకి వెళ్లేది. ఊడ్పుల పాట ఒకటి ఇప్పటికీ పాడుతుంది. మొన్న దసరా సెలవుల్లో ఫోన్లో రికార్డు చేశాను. "ఒకసారి పాడాను కదే, మళ్లీ ఎందుకే" అని విసుక్కుంది, అయినా పాడింది. రెండుసార్లూ మాటలు ఒకటే. బాణీ మాత్రం రెండో చరణంలో తేడా: మొదటిసారి పైకి వెళ్లి ఆగింది, రెండోసారి కింద స్వరం మీద దిగింది. అడిగితే, "ముందు పాడేవాళ్లు అలా వదులుతారు, వెనకవాళ్లు ఇలా అందుకుంటారు, ఇద్దరిదీ నేనే పాడితే ఎలా ఉంటుంది మరి" అంది. అంటే నేను విన్న తేడా ఆమె మరపు కాదు. వంగి నాటుతున్న రెండు వరసల ఆడవాళ్లు ఆ పాటలో ఉన్నారు. మా మేనత్తకి అదే పాట వచ్చు, కానీ ఆవిడది వెనకవాళ్ల బాణీ ఒక్కటే. చిన్నపిల్లగా వెనక వరసలో నిలబడి నేర్చుకుందిట. ఇదంతా ఫారమ్‌లోని బాక్సులో టైప్ చేస్తే ఏమవుతుంది? ఎనిమిది లైన్లు. కింద మా మామ్మ పేరు. ఆ రెండు వరసలూ మాయం.

అభ్యంతరాలు నాకు తెలుసు. గ్రూపులో ఒక సీనియర్ అన్న అన్నది: జానపదాన్ని స రి గ మ ల్లో బంధిస్తే చచ్చిపోతుంది, మామ్మ గొంతులోని జీర కాగితం మీదికి రాదు. నిజమే, రాదు. అందుకే ఆడియో ఉంచమంటున్నాను. ఆడియో ఉంటే చాలు కదా, మళ్లీ రాయడం ఎందుకు అని ఇంకొకరు. నూట యాభై ఆడియో ఫైళ్లున్న ఫోల్డరులో మీ ఊరి బాణీ ఇంకో ఊళ్లో ఉందో లేదో ఎలా వెతుకుతారు? పేరుతో వెతకలేం, ఒకే బాణీకి ఊరికో పాట ఉంటుంది. ఐర్లండులో బ్రెండన్ బ్రెనాఖ్ అనే ఆయనకి ఇదే చిక్కు వచ్చింది. ఒకే ట్యూన్‌కి పది పేర్లు, ఒకే పేరుతో పది ట్యూన్లు. ఆయన ప్రతి ట్యూన్ మొదట్లో దరువు పడే స్వరాల్ని అంకెలుగా మార్చి, కార్డుల మీద రాసి, అంకెల వరసలో పేర్చుకున్నాడు. కంప్యూటరు లేని రోజుల్లో బాణీకి హ్యాష్ కట్టాడన్నమాట. సీఎస్ఈ వాళ్లు ఇది చదివి కూడా ఊరుకుంటారా?

స్వరాలు అసలు రానివాళ్లకి ఇంకా తేలిక దారి ఉంది. 1975లో డెనిస్ పార్సన్స్ అనే ఆయన ఒక డైరెక్టరీ వేశాడు. అందులో స్వరం పేరు అక్కర్లేదు. ముందు స్వరంకంటే పైకి వెళ్తే ఒక అక్షరం, కిందికి దిగితే ఒకటి, అక్కడే ఉంటే ఒకటి. మనం ఎక్కు, దిగు, నిలు అనుకోవచ్చు. "వందే మీనాక్షి" మొదలు ఎక్కు దిగు ఎక్కు దిగు ఎక్కు. "రేక్స్ ఆఫ్ మాలో" మొదలు కూడా అదే. ఈ మూడు మాటలతో ఒక ఎక్సెల్ షీటు నింపితే చాలు, ఏ పాటలు చుట్టాలో మొదటి జల్లెడ పడిపోతుంది. స్వరాలొచ్చినవాళ్లకైతే మరీ సుఖం. ఐరిష్ ట్యూన్లని మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసుకోవడానికి ఏబీసీ నొటేషన్ అని ఒక పద్ధతిని పాశ్చాత్యులు ప్రత్యేకంగా తయారు చేసుకోవాల్సి వచ్చింది. మనకి స రి గ మ ఎప్పట్నుంచో టెక్స్టే. వాట్సాప్‌లో కూడా వెళ్తుంది.

కాబట్టి సంపాదకవర్గానికి నా విన్నపం. సంచిక వాయిదా వెయ్యమని అనడం లేదు. ఆ గమనిక తీసేసి, ఆడియో లింకుకి ఒక బాక్సు పెట్టండి. పాడినవాళ్లు ఎవరి దగ్గర, ఏ ఊళ్లో, ఏ పని చేస్తూ నేర్చుకున్నారో ఒక బాక్సు. పాడినవాళ్లు ఒప్పుకున్నారా అనేది తప్పనిసరి టిక్కు, ఎందుకంటే ఏడుపు పాటలూ, తిట్టు పాటలూ, పెళ్లిలో వియ్యాలవారిని వెక్కిరించే పాటలూ బయట పెట్టొద్దనే హక్కు వాళ్లకుంది. రికార్డు చేసేవాళ్లు మొదట్లోనే తేదీ, ఊరు నోటితో చెప్పాలి, ఫైలు పేరు మారిపోయినా గొంతులో ఉండిపోతుంది. కుదిరితే రెండుసార్లు పాడించాలి. వాట్సాప్‌లో వాయిస్ నోటుగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి, లేకపోతే శబ్దం నలిగిపోతుంది. వెనకాల కోడి కూసిందని, మిక్సీ తిరిగిందని ఎడిట్ చెయ్యొద్దు. ఆటోట్యూన్ జోలికి అసలు పోవద్దు. చక్కబెట్టిన బంటింగ్ పుస్తకాలకంటే చిత్తుప్రతులే విలువైనవయ్యాయని గుర్తుంటే చాలు. స్వరాలు రాసే పనికి నేనూ, మెకానికల్‌లో కీబోర్డు వాయించే ఇద్దరు ఫ్రెండ్సూ సిద్ధం. రాసినవాళ్ల పేరు కూడా పక్కన ఉండాలి, తప్పు రాస్తే ఎవర్ని అడగాలో తెలుస్తుంది.

పాటలతోపాటు దరువులు కూడా వదలొద్దు. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లేవాళ్లు మన కాలేజీలో ఎంతమంది లేరు? ప్రభ లేచేటప్పుడు ఒక దరువు, చేలోంచి దాటేటప్పుడు ఇంకోటి. గరగలు ఎత్తినప్పుడు డప్పు మారిపోతుంది. అందరం వీడియో తీస్తాం, ప్రభని తీస్తాం, డ్రోనుతో తీస్తాం, ఆ పైన సినిమా పాట వేసి రీల్ పెడతాం. డప్పు మ్యూట్. వాయించినాయన పేరు ఎవరూ అడగరు. ఈ కనుమకి ఒక్కరైనా మ్యూట్ చెయ్యకుండా పది నిమిషాలు తీసి, పేరు అడిగి రాసుకొస్తే, ఆ దరువు రాయడానికి కూడా మనుషుల్ని నేనే వెతుకుతాను.

మా మామ్మ పాట నేను ఫారమ్‌లో ఇంకా నింపలేదు. రెండు రికార్డింగులూ డ్రైవ్‌లో పెట్టాను, మేనత్తది మూడోది. ముందువాళ్ల బాణీ, వెనకవాళ్ల బాణీ రెండు వరసల్లో స్వరాలు రాశాను. రెండో చరణం చివర ఒక స్వరం రిషభమా గాంధారమా అని నాకూ మా ఫ్రెండుకీ ఇంకా తేలలేదు. అక్కడ ప్రశ్నార్థకం పెట్టి వదిలాం. బాక్సు పెట్టిన రోజు పంపిస్తాను, ప్రశ్నార్థకంతో సహా.